సీమ కూరగాయలకు సముద్రపు నాచు: డబ్బా కొనడం నుంచి తూకం దాకా

పత్తికొండ టమాటా మార్కెట్టుకు పోయే దారిలో ఏ మందుల అంగట్లో నిలబడినా ఈ మాట వినపడుతుంది: "అన్నా, సీవీడ్ ఒక్క లీటరు కొట్టి చూడు, చెట్టు నల్లగా తిరుగుతుంది." సముద్రం చూడాలంటే నెల్లూరు దాకా బస్సెక్కాల్సిన మనకు, సముద్రపు నాచు అర లీటరు డబ్బాల్లో ఊరి అంగడికే వచ్చేసింది. కొందరు దాన్ని ఎరువు అనుకుంటారు, కొందరు తెగులు మందు అనుకుంటారు. ఎక్కువ మంది "టానిక్" అంటారు. ఈ మూడింట్లో చివరిదే కాస్త దగ్గర.

నేను టమాటాలో, ఉల్లిలో కొన్నేళ్లుగా వాడుతున్నాను. కొన్ని పంటల్లో తేడా కనపడింది, ఒక పంటలో డబ్బులు మట్టిలో పోసినట్టే అయింది, ఒకసారి నా తొందరపాటుతో స్ప్రేయరే మూలన పడింది. ఏది మందు మహిమో, ఏది వాన మహిమో తెలిసింది మాత్రం నాలుగు సాళ్లు కొట్టకుండా వదలడం మొదలుపెట్టాకే. ఆ సంగతి కింద వివరంగా చెబుతాను. మిగతావి చదవకపోయినా అది మాత్రం చదవండి.

ఇంతకూ డబ్బాలో ఏముంది?

మన దగ్గర దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి గోధుమ రంగు నాచు, పేరు ఆస్కోఫిల్లమ్ నోడోసమ్. నార్వే, ఐర్లాండ్, కెనడా తీరాల్లో చల్లటి నీళ్లలో బండలను కరుచుకుని పెరుగుతుంది. రెండోది ఎర్ర నాచు, కప్పాఫైకస్ అల్వరెజీ. దీన్ని తమిళనాడులో రామనాథపురం తీరాన వెదురు తెప్పలకు కట్టి పెంచుతారు. పచ్చి నాచును పిండి రసం తీయడం, మిగిలిన పిప్పి నుంచి క్యారజీనన్ అనే జిగురు తీయడం, ఈ రెండూ ఒకేసారి జరిగే పద్ధతిని గుజరాత్‌లోని భావనగర్‌లో ఉన్న కేంద్ర లవణ, సముద్ర రసాయన పరిశోధన సంస్థ తయారు చేసింది. అంగట్లో దొరికే ఇఫ్కో వాళ్ల సాగరిక అనే మందు ఆ సంస్థ సాంకేతికతతో వచ్చిందే.

ఈ రసంలో నత్రజని, భాస్వరం లేనట్టే లెక్క. పొటాష్ కొంత ఉంటుంది కానీ ఎకరాకు అర లీటరు కొడితే చేలో పడేది గుప్పెడు ఎరువు పాటి. పని చేసేవి వేరే ఉన్నాయి: బీటైన్లు, గోధుమ నాచులోనైతే మానిటాల్‌తో పాటు ఆల్జినేట్లు, లామినారిన్ లాంటి చక్కెర గొలుసులు. సైటోకైనిన్, ఆక్సిన్ లాంటి హార్మోన్లు కూడా ఉంటాయి, అతి తక్కువగా. బయటి నుంచి వచ్చే ఆ కొద్ది హార్మోన్ కంటే, ఈ పదార్థాలు తగిలాక మొక్క తన హార్మోన్లను తానే సర్దుకోవడం వల్ల ఎక్కువ పని జరుగుతుందని ఇప్పుడు శాస్త్రవేత్తలు అంటున్నారు. బీటైన్లు ఎండకు, ఉప్పు నీళ్లకు ఆకు కణాలు వడలిపోకుండా కాస్త కాపాడతాయి.

మా అవ్వ అన్నానికి ముందు శొంఠి నీళ్లు ఇచ్చేది. ఇదీ అట్లాంటిదే. ఆకలి పుట్టిస్తుంది. కంచంలో అన్నమే లేకపోతే శొంఠి నీళ్లు తాగి ఏం లాభం?

మెట్టు 1: మీ చేనుకు ఇది అవసరమా?

డబ్బా కొనే ముందు మట్టి పరీక్ష, బోరు నీటి పరీక్ష. రైతు సేవా కేంద్రంలో మట్టి నమూనా ఇవ్వొచ్చు, లేదా దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకుపోవచ్చు. అనంతపురం వాళ్లకు రెడ్డిపల్లి, కర్నూలు వాళ్లకు బనవాసి, కడప వాళ్లకు ఊటుకూరు. జింకు లోపం ఉన్న చేలో సీవీడ్ కొడితే జింకు లోపం ఉన్న పచ్చటి మొక్క కనపడుతుంది, అంతే.

పనికొచ్చే సందర్భాలు ఇవి: నారు నాటాక బతుకు తిప్పుకునే వారం, పూత ముందు, వాన మొహం చాటేసిన పదిహేను రోజులు, బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉన్న చేలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే అనంతపురం లాంటి చోట ఈ సందర్భాలకు కొదవ లేదు. ఏ ఒత్తిడీ లేని, నీళ్లూ ఎరువూ సమంగా అందే చేలో తేడా తక్కువగా కనపడుతుంది. ఇది చాలా మందికి వింతగా ఉంటుంది కానీ మందు నైజమే అది.

పనికిరాని చోట్లు కూడా చెప్పాలి. టమాటాకు ఆకుముడత వైరస్, బెండకు పల్లాకు తెగులు వచ్చేశాక ఇది నయం చేయదు. వేర్లకు నులిపురుగుల బుడిపెలు కట్టి ఉంటే పైన ఎంత కొట్టినా వృథా. ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి చచ్చిపోతుంది, పూత రాలుతుంది. సీవీడ్ దాన్ని కాస్త తగ్గించొచ్చు గానీ ఆపలేదు. ఆపుతుందని చెప్పేవాడి దగ్గర కొనకండి.

మెట్టు 2: కొనేటప్పుడు ఏం చూడాలి

2021 ఫిబ్రవరి దాకా ఈ టానిక్కులకు చట్టమే లేదు. ఎవరు ఏది నింపి అమ్మినా అడిగే దిక్కు లేదు. ఆ నెలలో కేంద్రం బయోస్టిమ్యులెంట్లను, అంటే మొక్కకు ఊపునిచ్చే ఇలాంటి టానిక్కులను, 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. తాత్కాలిక అనుమతులతో నడిచిన డబ్బాల గడువు 2025 జూన్ 16తో ముగిసింది. అందుకని పాత సరుకు చవగ్గా ఇస్తామంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

లేబుల్ మీద నాచు పేరు, రసం శాతం, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు ఉండాలి. ఆల్జినిక్ ఆమ్లం శాతం రాసి ఉంటే అది గోధుమ నాచు సరుకు. ఈ విషయం మెట్టు 3లో పనికొస్తుంది, గుర్తుంచుకోండి. బిల్లు తీసుకోండి, బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించుకోండి. అంగడతను మొహం చిట్లిస్తాడు, పర్వాలేదు.

బయోస్టిమ్యులెంట్‌లో పురుగుమందు 0.01 పీపీఎం (పది లక్షల వంతుల్లో 0.01 వంతు) కంటే ఎక్కువ ఉండకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది. ఎందుకు పెట్టారో ఊహించడం కష్టం కాదు. సీవీడ్ కొట్టిన మరుసటి పొద్దుకే పేనుబంక చచ్చి రాలిందంటే సంతోషపడకండి, అనుమానపడండి. అసలైన సరుకు ప్రభావం ఆకు మీద కనపడటానికి వారం, పది రోజులు పడుతుంది.

సముద్రం ఒడ్డున కొట్టుకొచ్చిన నాచు తెచ్చి డ్రమ్ములో నానబెట్టుకుంటే పోలా అని కొందరు అడుగుతారు. వద్దు. ఉప్పు, ఇసుక, ఒక్కోసారి ఆర్సెనిక్ కూడా దాంతో పాటే వస్తాయి. మన నేలల్లో ఉన్న ఉప్పు చాలు.

శాతం లెక్కల దగ్గర పడే పొరపాటు

భావనగర్ సంస్థ వాళ్ల ప్రయోగాల్లో కప్పాఫైకస్ రసం బెండకు 2.5 శాతం ద్రావణంగా కొడితే దిగుబడి దాదాపు 20 శాతం పెరిగింది. టమాటాలో 5 శాతం దగ్గర 60 శాతం దాకా పెరిగింది, మోతాదు అంతకు మించితే ఫలితం తగ్గింది. ఈ అంకెలు ప్రతి ప్రచార కాగితంలో ఏదో ఒక రూపంలో తిరుగుతుంటాయి. రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఒక చోట ఒక ప్రయోగంలో వచ్చిన 60 శాతం మన చేలో వస్తుందని ఎవరూ రాసివ్వలేదు. సీమ చేలో 10 శాతం పెరిగినా నేను మంచి ఫలితమే అనుకుంటాను. రెండోది ఇంకా ముఖ్యం. ఆ 5 శాతం పచ్చి రసం లెక్క, అంటే లీటరు నీటికి 50 మిల్లీలీటర్లు. అంగట్లో దొరికేది చిక్కబరిచిన ద్రావణం. దానికి సాధారణంగా లీటరు నీటికి 2 నుంచి 3 మిల్లీలీటర్లు చాలు. ఫోన్‌లో 5 శాతం అని చదివి, చిక్కటి మందు 50 మిల్లీలీటర్లు పోస్తే ఆకు అంచులు మాడతాయి. ఎప్పుడూ డబ్బా మీద రాసిందే ప్రమాణం.

మెట్టు 3: సీసాలో కలిపి చూడటం

ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. టమాటాలో కాయ అడుగు కుళ్లు కనపడుతోందని కాల్షియం నైట్రేట్ కొట్టాలనుకున్నా. అదే రోజు సీవీడ్ వంతు కూడా వచ్చింది. రెండుసార్లు కూలి ఎందుకని రెండూ ఒకే ట్యాంకులో పోశా. రెండు సాళ్లు దాటాయో లేదో నాజిల్ నుంచి పొగమంచులా రావాల్సింది పిల్లాడు ఉచ్చ పోసినట్టు వచ్చింది. నాజిల్ విప్పి చూస్తే లోపల సేమియా లాంటి జారుడు పోగులు. వేలితో లాగితే సాగుతున్నాయి. ట్యాంకు అడుగున ఫిల్టరు చుట్టూ గంజి మీద మీగడలా పొర కట్టింది. ఆ రోజు పని పోయింది, స్ప్రేయర్ విప్పి కడగడానికి మరుసటి పొద్దు కూడా పోయింది.

తప్పు మందుది కాదు. గోధుమ నాచులోని ఆల్జినేట్‌కు కాల్షియం తగిలితే జెల్లీ కడుతుంది. అది దాని గుణం. గట్టి బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఏమీ కలపకపోయినా కొద్దిగా పోగులు పడే అవకాశం ఉంది.

అప్పటి నుంచి ప్రతి కొత్త డబ్బాకు ఇట్లా చేస్తున్నాను. గాజు సీసాలో ఒక లీటరు మన బోరు నీళ్లే తీసుకోవాలి, మినరల్ వాటర్ కాదు. అందులో మందు అదే మోతాదులో వేసి కలపాలి. వేరే మందు కలపాలనుకుంటే దాన్నీ అదే నిష్పత్తిలో వేయాలి. అరగంట వదిలేసి వెలుతురుకు ఎత్తి చూడాలి. పోగులు, ముక్కలు, అడుగున మడ్డి, పైన నురగ పొర, వీటిలో ఏది కనపడినా ఆ జోడీ కుదరదు. సీసా బాగున్నా కాల్షియం, రాగి మందులు, గంధకంతో కలపకపోవడమే మేలు. వాటికీ దీనికీ నాలుగైదు రోజుల ఎడం ఇవ్వండి. క్షారంతో తీసిన రసాల పీహెచ్ ఎక్కువగా ఉంటుంది, కొన్ని పురుగుమందులు అట్లాంటి నీళ్లలో త్వరగా విరిగిపోయి పస లేకుండా పోతాయి. అందుకే నేను సీవీడ్ ఒంటరిగానే కొడతాను. కూలి ఒకటి అదనం, టెన్షన్ ఒకటి తక్కువ.

మెట్టు 4: ఏ పంటకు ఎప్పుడు

టమాటా, వంగ, మిరప. ట్రేల నారు అయితే నాటే రోజు ట్రేను లీటరుకు 2 మిల్లీలీటర్లు కలిపిన నీళ్లలో ఐదు నిమిషాలు ముంచి, నీళ్లు కారిపోయాక నాటాలి. నా అనుభవంలో మొత్తం ఖర్చులో అతి తక్కువ మందు పట్టేది, అతి ఎక్కువ తేడా కనపడేది ఇక్కడే. కొత్త వేరు త్వరగా పోసి మొక్క నిలదొక్కుకుంటుంది. తర్వాత నాటిన 20, 25 రోజులకు ఒకసారి, పూత మొదలయ్యేటప్పుడు ఒకసారి, పిందె గోలీ అంత ఉన్నప్పుడు ఒకసారి. మూడు చాలు. కోతలు సగం అయ్యాక కొట్టేది అంగడివాడి లాభానికే.

ఉల్లి. కర్నూలు వైపు పెద్ద ఉల్లి అయినా, కడప జిల్లా కృష్ణాపురం చిన్న ఉల్లి అయినా పద్ధతి ఒకటే. నారు వేర్లు ముంచి నాటడం, తర్వాత 30 రోజులకు, గడ్డ ఊరడం మొదలయ్యాక 45, 50 రోజుల మధ్య ఇంకొకటి. ఉల్లి ఆకు మీద మైనం పూత ఉంటుంది, చుక్క నిలవదు, తామరాకు మీద నీళ్లలా జారిపోతుంది. జిగురు మందు తప్పనిసరి. మెడ వాలడం మొదలయ్యాక ఇక దీని జోలికి పోవద్దు.

బెండకు 20 రోజులకు ఒకటి, పూతకు ఒకటి. ఆకుకూరలకు మొలిచిన రెండు వారాలకు ఒక్కసారి, అదీ కోతకు వారం ముందే ఆపాలి. ఆకుకూర మీద కొట్టిన వాసన ఆకుకూరలోనే ఉంటుంది.

డ్రిప్పులో ఇవ్వాలంటే ముందు ఫిల్టరు కడిగి, నీళ్లు పారే సమయంలో చివరి మూడో వంతులో మందు వదిలి, తర్వాత పావుగంట మంచినీళ్లు పారించాలి. కాల్షియం ఎరువు వదిలిన రోజు డ్రిప్పులో సీవీడ్ వద్దు. ఎందుకో పైన చెప్పా.

మెట్టు 5: కొట్టే పద్ధతి

16 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2.5 మిల్లీలీటర్ల లెక్కన 40 మిల్లీలీటర్లు. ఎదిగిన టమాటాకు ఎకరాకు 12 ట్యాంకులు పడతాయి, అంటే దాదాపు అర లీటరు మందు. చిన్న మొక్కలకు ఏడెనిమిది ట్యాంకులు చాలు. మూతతో అందాజా పోయకండి, దగ్గుమందు సీసాతో వచ్చే కొలత గ్లాసు పనికొస్తుంది.

పొద్దున 8 గంటల లోపు, లేదా సాయంత్రం 5 తర్వాత. మన ఎండకు మధ్యాహ్నం కొడితే చుక్క ఆకులోకి ఇంకే లోపే ఆరిపోతుంది, మందు ఆకు మీద పొరలా మిగులుతుంది. నాకు సాయంత్రమే నచ్చుతుంది, రాత్రి చెమ్మకు ఆకు నిదానంగా పీల్చుకుంటుంది. ఆకు అడుగు భాగం తడవాలి, రంధ్రాలు అక్కడే ఎక్కువ. చేను ముందు రోజు తడిపి ఉండాలి. వాడిపోయిన మొక్క మీద కొట్టడం దప్పికతో పడి ఉన్నవాడికి శొంఠి నీళ్లు పోయడమే. ఆకాశంలో మబ్బు కమ్మితే రేపటికి వాయిదా వేయండి.

మెట్టు 6: కొట్టని సాళ్లు

ఈ ఒక్క పని చేయకపోతే పై ఐదు మెట్లూ నమ్మకం మీద నడిచినట్టే. పక్క రైతు చేనుతో పోల్చొద్దు. ఆయన విత్తనం వేరు, ఎరువు వేరు, బోరు వేరు. పోయినేటి మీ చేనుతోనూ పోల్చొద్దు, పోయినేడు వాన వేరు.

చేలో నాలుగు చోట్ల ఒక్కో సాలు వదలండి. నాలుగూ ఒక మూలన కాదు. ఒకటి బోరు వైపు, ఒకటి గెనెం (చేని గట్టు) వైపు, రెండు మధ్యలో. గెనెం పక్క మొదటి సాలు మాత్రం వదిలేసి రెండోది తీసుకోండి, అంచు సాలుకు గాలి, వెలుతురు ఎక్కువ కాబట్టి అది ఎప్పుడూ వేరే తీరుగా కాస్తుంది. వదిలిన సాలుకు ఎర్ర గుడ్డ కట్టండి. మందు కొట్టిన రోజు ఈ సాళ్లకు ఉత్త నీళ్లు కొట్టండి, లేకపోతే తడి వల్ల వచ్చిన తేడా మందు ఖాతాలో పడుతుంది. మిగతా ఎరువు, పురుగుమందు, నీరు అన్నింటికీ ఒకటే. ప్రతి ఎర్ర గుడ్డ సాలు నుంచి రెండో సాలును, మందు కొట్టినదాన్ని, జోడీగా పెట్టుకుని నీలం గుడ్డ కట్టండి. మధ్యలో ఒక సాలు ఎడం ఉంటే గాలికి మందు ఇటు ఎగిరినా లెక్క చెడదు.

కోతలో చిక్కు ఇక్కడ వస్తుంది. కూలీలు బాక్సులన్నీ కలిపేస్తారు. మా వదినే ఒకసారి, "ఎనిమిది సాళ్ల కోసం ఎనిమిది గంపలు పెట్టుకోని తిరిగేదేంది మరిదీ, మార్కెట్టుకు లేటైతాంది" అని తిట్టింది. తిట్టినా ఎర్ర గుడ్డ, నీలం గుడ్డ సాళ్లు ముందుగా, మీరే కోసి, స్ప్రింగు తక్కెడతో తూచి రాసుకోండి. అమ్మకానికి పనికొచ్చే కాయ, పారేసే కాయ వేరువేరుగా. ఒక్క కోతతో తేల్చకండి, కనీసం ఆరు కోతలు కలపాలి. నాలుగు జోడీల్లో నాలుగూ నీలం వైపే మొగ్గితే మందు పనిచేసిందని నమ్మొచ్చు. రెండు అటు, రెండు ఇటు అయితే, మొత్తం బరువు ఎక్కువ వచ్చినా అది చేను తేడా. ఒక పంటలో నాకు సరిగ్గా అదే జరిగింది. అంతకుముందైతే "బ్రహ్మాండంగా పనిచేసింది" అని పదిమందికి చెప్పి ఉండేవాణ్ణి.

మెట్టు 7: నాణ్యత ఎలా చూడాలి

పోషకాలు పెరుగుతాయనే మాట కూడా డబ్బా మీద ఉంటుంది. టమాటాలో చక్కెర శాతం, విటమిన్ సి, కాయకు ఎరుపునిచ్చే లైకోపీన్, ఆకుకూరల్లో ఖనిజాలు పెరిగినట్టు చూపిన ప్రయోగాలు ఉన్నాయి. అన్ని పంటల్లో, అన్ని కాలాల్లో ఒకే తీరుగా రాలేదు. విటమిన్లు ఇంట్లో కొలవలేం. కొలవగలిగేవి రెండు.

ఒకటి బ్రిక్స్ మీటరు, చేతిలో పట్టే చిన్న దుర్భిణి లాంటిది. కాయ కోసి రెండు చుక్కల రసం గాజు మీద వేసి వెలుతురుకు పెట్టి చూస్తే రసంలో కరిగిన చక్కెరలు, లవణాల లెక్క కనపడుతుంది. మన హైబ్రిడ్ టమాటాలు సాధారణంగా 4, 5 మధ్య ఉంటాయి. ఎర్ర గుడ్డ సాలులో పది కాయలు, నీలం గుడ్డ సాలులో పది, ఒకే రంగు తిరిగినవి, ఒకే రోజు పొద్దున కోసినవి. ముందు రోజు నీళ్లు బాగా పెట్టి ఉంటే అంకె పడిపోతుంది, కాబట్టి రెండు వైపులా తడి ఒకేలా ఉండాలి.

రెండోది నిల్వ. కక్కలపల్లి మార్కెట్టులో కొనేవాడు బ్రిక్స్ అడగడు, కాయ గట్టిదనం నొక్కి చూస్తాడు. ఇరవై కాయలు ఈ సాలువి, ఇరవై ఆ సాలువి రెండు ట్రేలలో గది నీడన పెట్టండి. నాలుగో రోజు, ఏడో రోజు మెత్తబడినవి లెక్కపెట్టండి. ఏ ట్రే ఏదో ఇంట్లో వాళ్లకు చెప్పకుండా వాళ్ల చేతే నొక్కించండి. మన వేలు మనం ఖర్చు పెట్టిన మందు వైపే మొగ్గుతుంది.

ఎండాకాలం కాయ ఎర్రగా కాకుండా నారింజ రంగులో ఆగిపోతే అది వేడి పని. 30 డిగ్రీలు దాటాక లైకోపీన్ తయారీ మందగిస్తుంది. అడుగు కుళ్లు కూడా ఎక్కువగా నీళ్లు ఒక రోజు ముంచి, నాలుగు రోజులు ఎండబెట్టడం వల్ల వచ్చేదే.

మెట్టు 8: గిట్టిందా?

ఉదాహరణకు మూడు విడతల మందు, కూలి కలిపి ఎకరాకు 1,800 రూపాయలు అయ్యిందనుకుందాం. కిలో 12 రూపాయలున్నప్పుడు 150 కిలోలు అదనంగా వస్తే ఖర్చు తిరిగొచ్చినట్టు. కిలో 3 రూపాయలకు పడితే 600 కిలోలు అదనంగా రావాలి, పైగా ఆ అదనపు కాయ కోసే కూలి, రవాణా మళ్లీ మీదే. ధర పడిపోయిన కాలంలో దిగుబడి పెంచే మందుకు అర్థం లేదు. అందుకే నేను నారు ముంచడం, మొదటి విడత మాత్రం ఎప్పుడూ మానను, వాటికి ఖర్చు తక్కువ. రెండు, మూడు విడతలు మాత్రం మార్కెట్టు ధర, వాన చూసి అప్పటికప్పుడు తేలుస్తాను.

మిగిలిన మందును నీడన, మూత బిగించి, పిల్లలకు అందకుండా పెట్టండి. మూత తీసి వాడిన డబ్బాను అదే పంటలో ఖర్చు పెట్టేయండి. వచ్చే ఏడు తీసి చూస్తే డబ్బా ఉబ్బి ఉన్నా, చేపల వాసన పోయి కుళ్లు కంపు కొడుతున్నా పారేయడమే. వాడే ముందు ప్రతిసారీ డబ్బాను బాగా కుదపండి, చిక్కటి భాగం అడుగున దిగి ఉంటుంది. కుదపకపోతే మొదటి ట్యాంకుకు నీళ్లు, చివరి ట్యాంకుకు మడ్డి.